ఎండకు గీత గీసేదెవరు?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తెలుగునాట సామెత. ఆ మాటలో భయం కన్నా అలవాటే ఎక్కువ. ఏటా వచ్చే ఎండే, ఏటా పడే బాధే. మజ్జిగ, అంబలి, తాటిముంజలు, తలకు తుండుగుడ్డ, పొద్దెక్కకముందే ముగించుకునే పొలం పని: ఎండతో కలిసి బతకడానికి తరాలుగా కూడబెట్టుకున్న తెలివి ఇది.

2015 మే నెల రెండో సగంలో ఆ తెలివి చాల్లేదు. అధికారిక లెక్కల ప్రకారం ఆ ఏడాది వడదెబ్బకు ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది, తెలంగాణలో 541 మంది ప్రాణాలు కోల్పోయారు. దేశం మొత్తం మీద నమోదైన మరణాలు 2,040. అంటే ప్రతి పది మరణాల్లో తొమ్మిదికి పైగా ఈ రెండు రాష్ట్రాల్లోనే సంభవించినట్టు లెక్క.

ఈ లెక్క చూస్తే ఒక సందేహం రాక మానదు. ఆ వేసవిలో ఎండ దేశంలో చాలాచోట్ల కాసింది. అది నిజంగా ఈ రెండు రాష్ట్రాల్లోనే చంపిందా, లేక ఈ రెండు రాష్ట్రాల్లోనే ఎక్కువగా లెక్కకు వచ్చిందా? రెండింటిలోనూ కొంత నిజం ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ ఏడాది వడగాల్పులు తీవ్రంగా ఉన్న మాట వాస్తవం. వడదెబ్బ మరణాన్ని గుర్తించి, నమోదు చేసి, కుటుంబానికి సాయం అందించే ఏర్పాటు ఇక్కడ ఉన్న మాట కూడా అంతే వాస్తవం. ఎండను అందరూ ఒంటితోనే తెలుసుకుంటారు. కానీ ఆ ఎండ మామూలు వేసవా, విపత్తా, వాతావరణ మార్పు ఫలితమా అన్నది చాలావరకు సంస్థలు చెబితేనే సమాజానికి తెలుస్తుంది. వాతావరణ కేంద్రం కొలత, ఆసుపత్రి కాగితం, ప్రభుత్వ జాబితా, కోర్టు తీర్పు, పత్రికలో ఫొటో కలిసి ప్రజల మనసులో ప్రమాదానికి ఒక రూపం ఇస్తాయి.

అనుభవం ఉంది, పేరు తెలియదు

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సీవోటర్ సంస్థతో కలిసి 2021 అక్టోబరు నుంచి 2022 జనవరి వరకు భారతదేశంలో ఒక సర్వే చేశారు. 4,619 మంది వయోజనులను ప్రశ్నించారు. భూతాపం గురించి తమకు కొద్దిగానే తెలుసని, లేదా ఆ మాటే ఎప్పుడూ వినలేదని 54 శాతం మంది చెప్పారు. అయితే భూతాపం అంటే ఏమిటో రెండు ముక్కల్లో వివరించి, అది నిజంగా జరుగుతోందా అని అడిగితే 84 శాతం మంది అవునన్నారు. దాని ప్రభావాన్ని స్వయంగా అనుభవించామని 74 శాతం మంది చెప్పారు. అది ప్రధానంగా మనుషుల పనుల వల్లే జరుగుతోందని భావించినవారు 57 శాతం.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ప్రజలకు అనుభవానికి కొదవ లేదు. కొరవడినదల్లా ఆ అనుభవాన్ని ఒక పేరుతో, ఒక కారణంతో ముడిపెట్టే సమాచారం. వానలు గతి తప్పడం, ఎండలు ముందే ముదరడం, రాత్రుళ్లు కూడా వేడి తగ్గకపోవడం రైతుకు, కూలీకి, వీధి వ్యాపారికి తెలుసు. వీటన్నిటినీ ఒకే దారానికి గుచ్చి చూపించే పని బడిది, వాతావరణ శాఖది, పత్రికలది, ప్రభుత్వానిది. ఆ పనిలో మొదటి మెట్టు కొలత.

నీడలో ఉన్న ఉష్ణమాపకం

వాతావరణ కేంద్రాల్లో ఉష్ణమాపకాన్ని ఎండలో పెట్టరు. పలకల మధ్య సందులున్న తెల్లటి చెక్కపెట్టెలో, నేలకు మనిషి ఛాతీ ఎత్తులో ఉంచుతారు. దీన్ని స్టీవెన్‌సన్ స్క్రీన్ అంటారు. గాలి ఆడుతుంది కానీ నేరుగా ఎండ తగలదు. కొలవాల్సింది గాలి ఉష్ణోగ్రతను కాబట్టి ఈ పద్ధతి సరైనదే. ప్రపంచమంతా ఒకే తీరులో కొలిస్తేనే ఒక ఊరిని మరో ఊరితో, ఈ ఏడాదిని వందేళ్ల నాటితో పోల్చగలం. కానీ టీవీలో 42 డిగ్రీలని చెప్పినప్పుడు అది నీడలోని గాలి వేడి. తారురోడ్డు వేసే కూలీకి, ఇటుకబట్టీ దగ్గర పనిచేసేవారికి, రేకుల ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలికి తగిలే వేడి వేరు.

కొలిచాక గీత గీయాలి. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదానాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు, తీరప్రాంతాల్లో 37, కొండ ప్రాంతాల్లో 30 డిగ్రీలు చేరితేనే వడగాల్పుల మాట పరిశీలనకు వస్తుంది. అది ఆ ప్రాంతపు సాధారణ ఉష్ణోగ్రత కన్నా 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువైతే వడగాల్పులు, అంతకు మించితే తీవ్ర వడగాల్పులు. సాధారణంతో పని లేకుండా 45 డిగ్రీలు దాటితే వడగాల్పులుగా, 47 దాటితే తీవ్రమైనవిగా పరిగణిస్తారు. ఒక వాతావరణ ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో, వరుసగా రెండు రోజులు ఈ పరిస్థితి ఉంటే రెండో రోజు ప్రకటిస్తారు.

గీత లేకుండా హెచ్చరిక ఉండదు. మరీ కిందికి గీస్తే వేసవంతా హెచ్చరికలే వినిపిస్తాయి, నాలుగో రోజుకు ఎవరూ పట్టించుకోరు. మరీ పైకి గీస్తే హెచ్చరిక రాకముందే జనం పడిపోతారు. ఎక్కడ గీయాలన్నది విజ్ఞానశాస్త్రం ఒక్కటే తేల్చే ప్రశ్న కాదు, సంస్థ తీసుకోవాల్సిన నిర్ణయం కూడా. ఆ నిర్ణయం ఒకసారి జరిగాక జనం ఆలోచన కూడా దాన్నే అనుసరిస్తుంది. గీత దాటితే ప్రమాదం, దాటకపోతే మామూలు రోజు.

ఆ గీతలో రెండు మెలికలున్నాయి. మొదటిది 'సాధారణం' అన్న మాట. సాధారణ ఉష్ణోగ్రత అంటే ముప్ఫై ఏళ్ల సగటు. ప్రపంచ వాతావరణ సంస్థ పద్ధతి ప్రకారం ఈ ముప్ఫై ఏళ్ల కాలాన్ని పదేళ్లకోసారి ముందుకు జరుపుతారు. భారతదేశంలో 1981–2010 స్థానంలో ఇప్పుడు 1991–2020 సగటు వాడుకలో ఉంది. భూమి వేడెక్కుతున్న కొద్దీ సగటు కూడా పెరుగుతుంది. ఎండ పెరిగిన చోట నిన్నటి కొలబద్దతో అసాధారణంగా కనిపించిన రోజు కొత్త కొలబద్దతో కొంత మామూలుగా కనిపిస్తుంది. రోజువారీ వాతావరణ అంచనాకు ఈ సవరణ అవసరమే. కానీ వాతావరణ మార్పు ఎంత జరిగిందో చెప్పాలంటే ఆ సగటు సరిపోదు, ఇంకా వెనక్కి వెళ్లాలి. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక ఆ పనే చేసింది. 1901 నుంచి 2018 వరకు దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని అది తేల్చింది.

రెండో మెలిక ఉక్కపోత. మనిషి శరీరం చల్లబడేది ప్రధానంగా చెమట ఆవిరి కావడం వల్ల. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట కారుతుందే కానీ ఆరదు. అందుకే పొడిగా ఉన్న ఊళ్లో 42 డిగ్రీల కన్నా తీరప్రాంతంలో 37 డిగ్రీలు ఒక్కోసారి ఎక్కువ ప్రమాదకరం. 2023 ఏప్రిల్‌లో నవీ ముంబయిలో లక్షలాది మంది హాజరైన ఒక బహిరంగ సభలో ఎండదెబ్బకు 14 మంది చనిపోయారు. సమీప కేంద్రంలో ఆ రోజు నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత దాదాపు 38 డిగ్రీలు. రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవారికి ఆ అంకె పెద్దదిగా కనిపించదు. ఉష్ణోగ్రతతో పాటు తేమను కూడా కలిపి లెక్కించే ఉష్ణ సూచీని వాతావరణ శాఖ అదే నెలలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఒక్క అంకెతో చెప్పలేని ప్రమాదాన్ని చెప్పడానికి సంస్థ తన కొలబద్దను మార్చుకోవడం అంటే ఇదే.

కాగితం మీదికి ఎక్కని మరణం

వరదలో కొట్టుకుపోయిన మనిషి ఎలా చనిపోయాడో ఎవరూ చెప్పనక్కరలేదు. ఎండ అలా చంపదు. శరీరం వేడెక్కిన కొద్దీ చర్మానికి ఎక్కువ రక్తం పంపడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాల మీద భారం పడుతుంది. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే మెదడు పనితీరు దెబ్బతింటుంది. అది వడదెబ్బ. అయితే అంతదాకా రాకముందే చాలామంది గుండెపోటుతోనో, మూత్రపిండాలు చెడిపోయో, ఊపిరితిత్తుల జబ్బు ముదిరో చనిపోతారు. మరణ ధ్రువపత్రంలో ఆ జబ్బు పేరే ఉంటుంది, ఎండ పేరు ఉండదు.

తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బ మరణాన్ని ధ్రువీకరించే పని మండల స్థాయిలో తహసీల్దారు, వైద్యాధికారి, పోలీసు ఎస్‌ఐలతో కూడిన త్రిసభ్య కమిటీకి అప్పగించారు. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక్కో మృతుడి కుటుంబానికి లక్ష రూపాయల సాయం ప్రకటించింది. పరిహారం ఉంటే కుటుంబం ముందుకొచ్చి చెబుతుంది, కమిటీ ఉంటే విచారణ జరుగుతుంది, విచారణ జరిగితే అంకె పుడుతుంది. ఆ అంకె పత్రికల్లోకి వచ్చాక జనం మాట్లాడుకుంటారు, ప్రభుత్వం మీద ఒత్తిడి పెరుగుతుంది. 2015 నాటి పెద్ద అంకె వెనుక ఎండ తీవ్రతతో పాటు ఈ ఏర్పాటు కూడా ఉంది. ఏ ఏర్పాటూ లేని చోట మరణాలు తక్కువగా కనిపిస్తే ఎండ కరుణించిందని అర్థం కాదు.

లెక్కలు రాసే సంస్థను బట్టి కూడా అంకె మారుతుంది. 2022లో వడదెబ్బకు దేశంలో 730 మంది చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రమాద మరణాల నివేదిక చెప్పింది. ఆరోగ్య శాఖ వ్యవస్థ ద్వారా అదే ఏడాదికి నమోదైనవి పదుల్లోనే ఉన్నాయి. ఒకరి లెక్క పోలీసు స్టేషన్ల నుంచి వస్తుంది, మరొకరిది ఆసుపత్రుల నుంచి. ఇంట్లో నిద్రలోనే కన్నుమూసిన వృద్ధురాలు ఈ రెండు పుస్తకాల్లోనూ ఉండకపోవచ్చు.

ఈ చిక్కు నుంచి బయటపడే మార్గం గణాంక శాస్త్రంలో ఉంది. ఒక్కొక్కరూ దేనివల్ల చనిపోయారని అడగకుండా, ఆ నెలలో మామూలు కన్నా ఎంతమంది ఎక్కువగా చనిపోయారని అడగాలి. వీటినే అదనపు మరణాలంటారు. గుజరాత్‌లోని అహ్మదాబాద్‌లో 2010 మే 21న ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలు చేరింది. ఆ నెలలో నగరంలో అన్ని కారణాలతో కలిపి 4,462 మంది చనిపోయారు. దానికి ముందు ఏడాది, తరువాతి ఏడాది మే నెలల సగటు 3,118. అంటే 1,344 అదనపు మరణాలు, 43 శాతం పెరుగుదల. ఈ అధ్యయనం 2014లో ప్రచురితమైంది. ఒక్కొక్క ధ్రువపత్రంలో కనిపించని ఎండ, నెల లెక్కలన్నీ కలిపి చూసేసరికి బయటపడింది.

తుపానుకు దక్కింది, ఎండకు దక్కనిది

సంస్థలు తలచుకుంటే ప్రమాదం పట్ల సమాజం చూపు ఎంతగా మారుతుందో తెలుగువారికి తుపాన్ల చరిత్రే చెబుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు పదివేల మంది చనిపోయారు. ఆ తరువాతి దశాబ్దాల్లో తీరం వెంబడి తుపాను రక్షణ భవనాలు, రాడార్లు, ఉపగ్రహ చిత్రాలు, ముందుగా జనాన్ని తరలించే యంత్రాంగం ఒక్కొక్కటిగా వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నం మీద విరుచుకుపడింది. ఆస్తినష్టం అపారం. కానీ ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు వందలోపే ఉన్నాయి.

ఈ మార్పులో కాంక్రీటు పాత్ర ఎంతో, భాష పాత్ర కూడా అంతే. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు తీరప్రాంత పాఠకులకు కంఠతా వచ్చు. హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో 2004 నుంచి తుపాన్లకు పేర్లు పెడుతున్నారు. హుద్‌హుద్ పేరు ఒమన్ సూచించింది. పేరున్న తుపానుకు టీవీ తెర మీద ఒక కన్ను, ఒక దారి, తీరం తాకే సమయం ఉంటాయి. జనం దాన్ని వచ్చిపడుతున్న శత్రువులా చూస్తారు. వడగాల్పులకు పేరు లేదు, కన్ను లేదు, తీరం దాటే సమయం లేదు. అవి ఒక ప్రాంతమంతా పరుచుకుని మెల్లగా పనిచేస్తాయి.

ఎండను చూపించే తీరులోనూ తేడా ఉంది. 2019 వేసవి వడగాల్పుల సమయంలో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ పత్రికలు వాడిన ఫొటోలను పరిశోధకులు పరిశీలించారు. కథనంలో ప్రమాదం గురించి రాసినా, ఫొటోలో మాత్రం నీళ్లలో కేరింతలు కొట్టే జనం తరచూ కనిపించారు. చదివేది ఒకటి, కంటికి ఆనేది మరొకటి. మీడియా కూడా ఒక సంస్థే. ఎండను ఏ బొమ్మతో చూపించాలన్న దాని నిర్ణయం కూడా జనం మనసులో ఒక గీత గీస్తుంది.

పన్నెండు పేర్ల జాబితా

విపత్తు సంభవించినప్పుడు రాష్ట్రాలు ఖర్చు పెట్టడానికి రాష్ట్ర విపత్తు స్పందన నిధి ఉంటుంది. దాన్ని వేటికి వాడవచ్చో కేంద్రం ఒక జాబితా ద్వారా నిర్దేశిస్తుంది. 15వ ఆర్థిక సంఘం సిఫారసులు వర్తించిన 2021–26 కాలంలో ఆ జాబితాలో పన్నెండు విపత్తులున్నాయి: తుపాను, కరవు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్ల వాన, కొండచరియలు విరిగిపడటం, హిమపాతం, మేఘవిస్ఫోటం, చీడల దాడి, చలిగాలులు. చలిగాలులు ఉన్నాయి. వడగాల్పులు లేవు.

జాబితాలో లేకపోతే నిధి అసలే వాడకూడదని కాదు. స్థానిక విపత్తులుగా తాము ప్రకటించుకున్న వాటికి రాష్ట్రాలు ఆ నిధిలో పది శాతం వరకు ఖర్చు చేయవచ్చు. ఒడిశా 2015లో, తమిళనాడు 2024లో వడగాల్పులను అలా ప్రకటించుకున్నాయి. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ఆ పని చేసి, వడదెబ్బ మృతుల కుటుంబాలకు అప్పటిదాకా ఇస్తున్న 50 వేల రూపాయల సాయాన్ని 4 లక్షలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో రోజూ ఏయే మండలాల్లో తీవ్ర వడగాల్పులు వీచే అవకాశం ఉందో పేర్లతో ప్రకటిస్తోంది. జిల్లా కేంద్రం ఎండ కాకుండా సొంత మండలం ఎండ గురించి విన్నప్పుడు మనిషి చెవి ఒగ్గుతాడు.

జాబితాలో చేర్చడం వల్ల డబ్బు ఒక్కటే కాదు, గుర్తింపు కూడా వస్తుంది. విపత్తు అంటే ప్రభుత్వం స్పందించాల్సిన సంగతి. వేసవి అంటే ఎవరికి వారు తట్టుకోవాల్సిన సంగతి. ఒకే ఎండ ఏ గడిలో పడితే ఆ గడికి తగ్గట్టే జనం ప్రశ్నలు అడుగుతారు, లేదా అడగడం మానేస్తారు.

ఒక నగరం నేర్చుకున్న పాఠం

2010 అనుభవం తరువాత అహ్మదాబాద్ నగరపాలక సంస్థ, గాంధీనగర్‌లోని భారత ప్రజారోగ్య సంస్థ, ఇతర పరిశోధక బృందాలు కలిసి 2013లో ఎండల కార్యాచరణ ప్రణాళిక తయారుచేశాయి. దక్షిణాసియాలో ఇలాంటిది ఇదే మొదటిది. స్థానిక మరణాల లెక్కలను బట్టి ఎంత ఉష్ణోగ్రతకు ఏ రంగు హెచ్చరిక ఇవ్వాలో నిర్ణయించారు. హెచ్చరిక వెలువడగానే ఏ విభాగం ఏం చేయాలో ముందే రాసిపెట్టారు. ఆసుపత్రి సిబ్బందికి వడదెబ్బను గుర్తించడంలో శిక్షణ ఇచ్చారు. పేదల బస్తీల్లో ఇళ్లపైకప్పులకు వేడిని తిప్పికొట్టే తెల్లరంగు వేయించారు.

ఈ క్రమంలో బయటపడ్డ ఒక చిన్న సంగతి చాలా చెబుతుంది. నగరంలోని ఒక ఆసుపత్రిలో నవజాత శిశువుల వార్డు పైఅంతస్తులో, నేరుగా పైకప్పు కింద ఉండేది. ఎండల్లో వేడి సంబంధిత సమస్యలతో శిశువులు ఎక్కువగా చేరడాన్ని వైద్యులు గమనించారు. వార్డును కింది అంతస్తుకు మార్చాక అలాంటి కేసులు తగ్గాయి. ఇందులో కొత్త మందు లేదు, పెద్ద యంత్రం లేదు. ఎండను ఒక కారణంగా చూడటం నేర్చుకున్న ఆసుపత్రి ఉంది.

ప్రణాళిక ఫలితాన్ని లెక్కగట్టిన పరిశోధన 2018లో వెలువడింది. 2007–10 నాటి పరిస్థితితో 2014–15ను పోల్చి, ఏడాదికి సగటున సుమారు 1,190 మరణాలు తప్పాయని అంచనా వేసింది. ఇలాంటి అంచనాల్లో అనిశ్చితి పెద్దదే. కానీ దిశ స్పష్టం. తరువాత దేశంలో అనేక రాష్ట్రాలు, నగరాలు ఇదే బాట పట్టాయి. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది.

అయితే ప్రణాళిక రాయడం, అమలు చేయడం ఒకటి కావు. 18 రాష్ట్రాలకు చెందిన 37 ప్రణాళికలను ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ 2023లో పరిశీలించింది. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చర్చించినవి 11. స్థానికంగా ఉష్ణోగ్రత గీతలు నిర్ణయించుకున్నవి 10. ఎండకు ఎవరు ఎక్కువగా దెబ్బతింటారో అధ్యయనం చేసినవి రెండే రెండు. వృద్ధులు, పిల్లలు, కూలీలు జాగ్రత్తగా ఉండాలని రాయడం తేలిక. వారు ఏ వీధిలో, ఎలాంటి పైకప్పు కింద ఉన్నారో తెలుసుకోవడం కష్టం. రెండో పని జరగనప్పుడు హెచ్చరిక అందరికీ చేరుతుంది, సాయం ఎవరికీ చేరదు.

నీళ్లు తాగమనడం సరిపోతుందా?

వేసవి హెచ్చరికల్లో సాధారణంగా వినిపించేవి మూడు మాటలు: మధ్యాహ్నం బయటికి వెళ్లవద్దు, నీళ్లు ఎక్కువగా తాగండి, వదులైన నూలు బట్టలు వేసుకోండి. మూడూ సరైన సలహాలే, ప్రాణాలు కాపాడేవే. కానీ ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే మనిషికి బయటికి వెళ్లకపోవడం అంటే ఆ పూట పొయ్యి వెలగకపోవడం. పనిచోట మరుగుదొడ్డి లేని స్త్రీలు నీళ్లు తక్కువగా తాగుతారు. సలహా వ్యక్తికి ఇస్తున్నంత కాలం బాధ్యత కూడా వ్యక్తిదే అన్న భావన స్థిరపడుతుంది. పనివేళలు మార్చడం, నీడ కల్పించడం, నీరు, మరుగుదొడ్డి ఏర్పాటు చేయడం యజమానుల, ప్రభుత్వాల పని అన్నది వెనక్కి పోతుంది. వేడి వల్ల 2030 నాటికి భారతదేశం 5.8 శాతం పనిగంటలు కోల్పోవచ్చని, అది 3.4 కోట్ల పూర్తికాల ఉద్యోగాలతో సమానమని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. ఇంత నష్టాన్ని ఒక్కొక్కరి నీళ్ల సీసా ఆపలేదు.

హెచ్చరికల్లో తరచూ లోపించే మరో ముక్క కారణం. 2022 మార్చి దేశంలో 1901 తరువాత అత్యంత వేడి మార్చిగా నమోదైంది. మనిషి వల్ల జరిగిన వాతావరణ మార్పు మూలంగా ఆ మార్చి, ఏప్రిల్ నెలల వడగాల్పులకు అవకాశం దాదాపు 30 రెట్లు పెరిగిందని అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ తేల్చింది. ఇప్పటి వాతావరణాన్నీ, బొగ్గు, చమురు మండించడం మొదలుకాని నాటి వాతావరణాన్నీ కంప్యూటర్ నమూనాల్లో పోల్చి ఇలాంటి లెక్క కడతారు. వాతావరణ సూచన రేపటి ఎండ గురించి చెబుతుంది. ఈ లెక్క ఆ ఎండ ఎందుకు ముదురుతోందో చెబుతుంది. రెండూ వేర్వేరు సంస్థల నుంచి, వేర్వేరు సమయాల్లో, వేర్వేరు భాషల్లో వస్తుండటంతో సామాన్యుడి మనసులో అవి కలవడం లేదు. అనుభవం ఉండి పేరు తెలియని ఆ 54 శాతం మంది నిలబడి ఉన్నది ఈ సందులోనే.

ఆ సందును పూడ్చే ప్రయత్నం కోర్టులూ చేశాయి. ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు, సినిమాహాళ్లలో పర్యావరణంపై స్లైడ్లు వేయాలని, రేడియో, టీవీల్లో కార్యక్రమాలు ప్రసారం చేయాలని, విద్యాసంస్థల్లో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని ఆదేశించింది. 2024 మార్చిలో మరో కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద ప్రజల హక్కు అని అదే కోర్టు చెప్పింది. అది ఎండ గురించిన కేసు కాదు. బట్టమేక పక్షి సంరక్షణకూ, సౌరవిద్యుత్ తీగలకూ మధ్య తలెత్తిన వివాదం. కానీ హక్కు అన్న మాట ఒకసారి తీర్పులోకి వచ్చాక, వాతావరణ మార్పు శాస్త్రవేత్తల విషయంగా మాత్రమే మిగలదు.

దేశంలో 1901 నుంచి నమోదైన లెక్కల్లో 2024 అత్యంత వేడి సంవత్సరం. రాబోయే వేసవుల్లోనూ ఎప్పటిలాగే పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు వస్తాయి. అవి చేరాల్సిన చోటికి చేరాయో లేదో తెలుసుకోవడానికి కొన్ని తేలికైన ప్రశ్నలు చాలు. ఆ రోజు ఉపాధి పని వేళ మారిందా? ఆసుపత్రిలో పడకలు, మంచు, సెలైన్ సిద్ధంగా ఉన్నాయా? రేకుల ఇళ్లున్న వీధికి ఎవరైనా వెళ్లి తలుపు తట్టారా? ఆ నెల మరణాల లెక్కను ఎవరైనా తరువాత సరిచూశారా? చెక్కపెట్టెలో నీడన ఉన్న ఉష్ణమాపకం తన పని తాను చేస్తూనే ఉంటుంది. అది చూపే అంకెకూ, ఎండలో నిలబడ్డ మనిషికీ మధ్య దూరం ఎంతన్నది ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుల మీద ఆధారపడి ఉంటుంది.